పిచ్చుక సాక్ష్యం

పెద్దక్కను జుట్టు పట్టుకుని హాలు పొడవునా ఈడ్చుకుపోతుంటే ఒక్క మిషనూ ఆగలేదు.

మోటార్లకు రాగి తీగ చుట్టే హాలు అది. పనిచేసేది అంతా ఆడవాళ్లు, అజమాయిషీ చేసే మేస్త్రీ మగవాడు. మిషను మీంచి చెయ్యి తీస్తే కూలి కోత, తలెత్తితే బూతులు. అందుకని అందరూ తలలు వంచుకునే చూశారు. వాచ్‌మన్లు చెరో రెక్కా పట్టుకున్నారు, మేస్త్రీ జుట్టు పట్టుకున్నాడు. హాలంతా పెద్దక్క అని పిలిచే ఆ మనిషి మాత్రం నోరు మూయలేదు.

"చెయ్యి వేసింది వాడే! మీరంతా చూశారు కదే! నోళ్లు పడిపోయాయా మీకు?"

అందరికంటే బాగా చూసింది పిచ్చుక. పక్క మిషను ఆమెదే. తీగ సరిచేసే వంకతో మేస్త్రీ వెనకనుంచి వచ్చి పెద్దక్క ఒంటి మీద చెయ్యి వేశాడు. పెద్దక్క లేచి వాడి చెంప ఛెళ్లుమనిపించింది. అంతే జరిగింది. చూసి పిచ్చుక ఏం చేసింది? తల వంచుకుని తీగ చుట్టుకుంటూ కూర్చుంది.

బక్కపలచటి మనిషి, ఎవరు గట్టిగా పిలిచినా బెదిరిపోతుంది. అందుకే ఆ పేరు. కానీ ఈ బెదురుగొడ్డుకు ఒక ఆశ ఉంది, మేస్త్రీ కావాలని. ఒకసారి అన్నాల వేళ ఆ మాట నోరుజారితే హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. "ముందు మేస్త్రీని చూసి వణకడం మానమనండర్రా!" అన్నారు. పెద్దక్క ఒక్కతే నవ్వలేదు. "ఎందుక్కాకూడదే? నేర్చుకో, నేను చెప్తా" అంది. మిషను మొరాయిస్తే ఎక్కడ విప్పాలో, పని ఎలా పంచాలో, కొత్తపిల్లల చేతులు తెగకుండా ఎలా చూసుకోవాలో అన్నీ ఆవిడే చెప్పింది.

ఆ సాయంత్రమే మేనేజరు పిచ్చుకకు కబురు పెట్టాడు.

ఆ గదిలో చల్లగా ఉంది. "కూర్చో" అన్నాడు మేనేజరు. ఆ కంపెనీలో ఆమెను ఎవరైనా కూర్చోమనడం అదే మొదలు. కుర్చీ అంచున వాలింది.

"నువ్వు మేస్త్రీ కావాలనుకుంటున్నావట."

"ఎవరు చెప్పారు సార్?"

"మాకు తెలియనిదేముంటుంది? మంచిదేగా. ఆడవాళ్లు పైకి రావాలనే మేమూ కోరుకుంటున్నాం. మేస్త్రీని గోడౌనుకి మారుస్తాం. ఆ హాలు నీది." మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "ఎల్లుండి విచారణ. ఎస్సైగారు కూడా వస్తారు. మీ పెద్దక్క సంచిలో రాగి తీగ దొరికింది. దాస్తుంటే మేస్త్రీ పట్టుకున్నాడు, అందుకని కొట్టింది. నువ్వు పక్కనే ఉన్నావు. చూశావు."

"నేను... తీగ..."

"చూశావు." ఈసారి నవ్వాడు. "చూడలేదంటే నీకూ అందులో వాటా ఉందని ఎస్సైగారు అనుకుంటారేమో. మీ ఆయన కూడా మన ప్యాకింగులోనే కదూ?"

గేటు దాటాక వెనక అడుగుల చప్పుడైన ప్రతిసారీ పిచ్చుక ఆగి చూసింది. పెద్దక్కను అప్పటికే పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లారని బస్సులో ఎవరో గుసగుసగా చెప్పారు.

ఇంట్లో మొగుడు అంతా విని గోడకు చేరగిలబడ్డాడు. "చెప్పేసెయ్. ఆవిడ ఎలాగూ పోయింది. ఆవిడతోపాటు మనమూ పోవాలా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. అతని మొహంలోనూ నెత్తురు లేదు.

అత్త అదే హాల్లో పనిచేసి మానేసిన మనిషి. ఇప్పటికీ ఆవిడ వేళ్లు సరిగా చాపుకోవు. ఆ చేతులతోనే కోడలి గడ్డం పట్టుకుంది. "నా వయసంతా ఆ తీగకే చుట్టేశాను. మేస్త్రీ కుర్చీ తుడిచాను గానీ అందులో కూర్చోలేదు. నువ్వన్నా కూర్చోవే. నా మాట విను."

పడుకున్నా పిచ్చుకకు కంటి మీద కునుకు లేదు. కళ్లు మూస్తే ఆ హాలు చివర తను నిలబడినట్టు, అమ్మాయిలు "అక్కా, ఇటు చూడు" అని పిలుస్తున్నట్టు కనబడింది. ఒళ్లు పులకరించింది. పెద్దక్క లాకప్పులో ఉంటే తన ఒళ్లు పులకరించింది! ఎస్సై బెదిరింపు కంటే ఆ పులకరింపే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు అన్నాల వేళ రేకుల షెడ్డులో ఎవరూ పెద్దక్క ఊసెత్తలేదు. పిచ్చుక క్యారేజీ మూత తీసి మళ్లీ పెట్టేసింది. పక్కనున్న, టపాకాయ అని పేరుపడ్డ అమ్మాయితో మేనేజరు మాట మెల్లగా చెప్పింది. టపాకాయకు మెల్లగా అనే మాట తెలియదు. "ఏమిటీ? నీకు మేస్త్రీగిరీ ఇస్తామన్నారా?" అని అరిచింది. షెడ్డంతా వచ్చి మీద పడింది.

"అమ్ముడుపోయావన్నమాట!"

"ఒప్పుకోలేదే... ఇంకా ఏమీ చెప్పలేదు."

"ఒప్పుకుంటే తప్పేంటి?" అంది ఒక పెద్దావిడ. "మన మనిషి మేస్త్రీ అయితే మన మీద చెయ్యి పడదు కదా!"

"పడదా? మేనేజరు చెయ్యి పడితే ఇది అడ్డుకుంటుందా? పెద్దక్కని జైల్లో పెట్టించి ఎక్కిన కుర్చీలో కూర్చుని ఇది మనకేం చేస్తుంది?" అంది ఇంకొకతె.

పిచ్చుకకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గొంతు పెంచింది. "మేస్త్రీ కావాలనుకోవడం తప్పా? మగాడు అనుకుంటే తెలివి, నేను అనుకుంటే ఆశపోతుతనమా? పని వచ్చు నాకు. పెద్దక్క నేర్పింది. ఆవిడ నేర్పిన పనికి ఆవిణ్ణే ధరగా కట్టమంటున్నాడు ఆ మేనేజరు!"

టపాకాయ ముక్కు తుడుచుకుంది. "తప్పు కాదే. వాడు ఇస్తే తీసుకోవడం తప్పు. మనం అడిగి ఇప్పించుకుందాం. పెద్దక్క బయటికి రావాలి, ఆ వెధవ బయటికి పోవాలి, మేస్త్రీ ఎవరో మనమే చెప్పాలి."

ఆ గొడవ విని ప్యాకింగు నుంచి యూనియన్ నాయకుడు వచ్చాడు. ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు.

"ఇది ఆడవాళ్ల విషయం అమ్మా. పోలీసుల దాకా వెళ్లింది. కూలి పెంపు గొడవ అయ్యాక తీరిగ్గా చూద్దాం."

"మీ ప్యాకింగులో మగాణ్ణి జుట్టు పట్టుకుని ఈడిస్తే అది కూలీల విషయం. మమ్మల్ని ఈడిస్తే ఆడవాళ్ల విషయమా బాబాయ్?" అంది టపాకాయ. "మేం చుట్టకపోతే మీరు ప్యాక్ చేసేదేంటి, గాలా?"

బాబాయ్ చెమట తుడుచుకున్నాడు. ఆయన వెనక నిలబడ్డ ప్యాకింగ్ కుర్రాళ్లలో పిచ్చుక మొగుడూ ఉన్నాడు. తల దించుకున్నాడు.

పెద్దక్క కోసం నిలబడాలని మాట అనుకున్నారు గానీ ఎవరికీ ధైర్యం లేదు. సైరన్ మోగగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా మిషన్ల దగ్గరికి పోయారు. రేపు ఎవరు నిలబడతారో, ఎవరు తోక ముడుస్తారో పిచ్చుకకు తెలియదు. తను నిలబడుతుందో లేదో కూడా తెలియదు.

విచారణ రోజు మేనేజరు గదిలో మళ్లీ అదే చల్లదనం. ఒక పక్క మేస్త్రీ, ఒక పక్క లాఠీ ఒళ్లో పెట్టుకున్న ఎస్సై. బల్ల మీద రాగి తీగ చుట్ట.

"చెప్పమ్మా, ఏం చూశావు?" అన్నాడు ఎస్సై.

"సార్... చెయ్యి..."

"గట్టిగా."

"చెయ్యి వేశాడు సార్. మేస్త్రీ. పెద్దక్క మీద. అందుకే కొట్టింది."

"తీగ?"

"తీగ లేదు సార్. ఆవిడ సంచి రోజంతా నా మిషను పక్కనే ఉంది. ఖాళీ క్యారేజీ తప్ప ఏం లేదు. ఈడ్చుకుపోయేటప్పుడు ఆ సంచి తీసుకెళ్లింది మేస్త్రీయే."

మేస్త్రీ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "అబద్ధం! ఇదీ దాని తొత్తే!"

"నా మీదా వేశాడు సార్ చెయ్యి. పోయినేడు. భయపడి చెప్పలేదు." ఆ మాట అనాలని పిచ్చుక అనుకోనేలేదు. దానంతటదే వచ్చేసింది. మొగుడికి కూడా చెప్పని మాట.

ఎస్సై నిదానంగా లేచి ఆమె రెక్క పట్టుకున్నాడు. "అయితే నీకూ వాటా ఉందన్నమాట. పద."

వరండాలోకి రాగానే పిచ్చుకకు ఏదో తేడాగా తోచింది. చెవులు దిబ్బడేసుకున్నాయేమో అనుకుంది. కాదు. హాల్లో మిషన్లు ఆగిపోయాయి. చుట్టూ ఒక్క చప్పుడు లేదు. తర్వాత మెట్లకు అడ్డంగా కూర్చున్న వాళ్లు కనబడ్డారు. టపాకాయ, ఆ పెద్దావిడ, చేతులకు రాగి పొడి అంటుకున్న అమ్మాయిలు. కొందరు ఏడుస్తున్నారు, ఒకమ్మాయి పళ్లు టకటకలాడుతున్నాయి. కానీ దారి ఇవ్వలేదు.

"లేవండి!" ఎస్సై లాఠీ ఊపాడు.

"మమ్మల్నీ తీసుకెళ్లండి" అంది టపాకాయ. ఆమె గొంతు పగిలింది.

ఎస్సై వెంట వచ్చిన కానిస్టేబుళ్ల లాఠీలు లేచాయి. పెద్దావిడ నుదురు చిట్లింది. జీపు ముందు పడుకున్న వాళ్లను కాళ్లు పట్టి పక్కకు లాగారు. లాగిన కొద్దీ మళ్లీ వచ్చి పడుకున్నారు. అప్పుడు ప్యాకింగు తలుపు తెరుచుకుంది. పిచ్చుక మొగుడు ముందు వచ్చాడు, వెనక కుర్రాళ్లు. బాబాయ్ అందరికంటే వెనక, అయినా వచ్చాడు. పిచ్చుకను ఎక్కించుకున్న జీపు వాళ్లను తోసుకుంటూనే గేటు దాటింది.

లాకప్పులో పెద్దక్క మూలన కూర్చుని ఉంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కంటితో చూసి గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

"నువ్వా? నువ్వెందుకొచ్చావే పిచ్చిదానా? నీకు కుర్చీ ఇస్తామన్నారట కదా, కానిస్టేబుళ్లు అనుకుంటుంటే విన్నాను!"

"భయమేసింది అక్కా."

"భయమేస్తే ఒప్పుకుంటారు గానీ ఇక్కడికొస్తారా?"

"ఒప్పుకున్నాక ఆ హాల్లో వాళ్ల మొహాలు ఎలా చూడాలా అని... అది తలుచుకుంటే ఇంకా భయమేసింది."

పెద్దక్క పిచ్చుక తల లాగి తన భుజానికి ఆనించుకుంది. ఆవిడ ఒళ్లు కూడా వణుకుతోంది. పెద్దక్కకు కూడా భయం ఉంటుందని పిచ్చుకకు అప్పుడే తెలిసింది.

కాసేపటికి వీధిలో గోల మొదలైంది. ముందు దూరంగా, తర్వాత దగ్గరగా. ఆ గోలలో పిచ్చుక అత్త గొంతు పోల్చుకుంది. కుర్చీలో కూర్చోవే అన్న మనిషి, "మా కోడల్ని బయటికి పంపిస్తావా, మమ్మల్ని లోపలికి రమ్మంటావా?" అని అరుస్తోంది. పక్క కార్ఖానాలో అట్టపెట్టెలు చేసే ఆడవాళ్లూ వచ్చారని కాపలా కానిస్టేబులు ఇంకొకడితో అన్నాడు. కిటికీలోంచి తొంగిచూసి చటుక్కున తల వెనక్కి తీసుకున్నాడు.

ఎస్సై వీధి తలుపు మూసి గడియ పెట్టించాడు. ఫోను అందుకున్నాడు. పొద్దున లాఠీ ఊపినప్పటి గొంతు కాదు అది.

"లేదు సార్, వెళ్లడం లేదు... కొట్టాం సార్... కొట్టినా వెళ్లడం లేదు... ఇంకా వస్తున్నారు సార్."