గుడ్డ లేని కుట్టు

లాక్‌డౌన్‌తో అమ్మ పనిచేసే కుట్టు షాపు మూతపడింది. ఓనరు మాత్రం మాస్కుల గుడ్డలు మూటగట్టి ఇంటికి పంపుతున్నాడు. గోడలకు రంగులేసే పని లేక నాన్న, బడి లేక నేనూ తమ్ముడూ, మోకాళ్ళ నొప్పులతో నానమ్మ, అందరం ఇంట్లోనే. అందరికీ అన్నిటికీ అమ్మే కావాలి.

అందుకే నాన్న ఒక రూలు పెట్టాడు. తెర వెనక మెషిన్ చప్పుడు వినబడినంతసేపూ అమ్మను ఎవరూ పిలవకూడదు. చప్పుడు ఆగిందో, "అమ్మా నీళ్ళు", "అమ్మాయ్, నా మందు", "ఏమేవ్, టీ" అని ఒకటే గోల.

నిన్న మధ్యాహ్నం అంట్లు తోమి అమ్మ మెషిన్ దగ్గర కూర్చుంది. ఇవతల లెక్కలు చేసుకుంటున్న నాకు చప్పుడులో ఏదో తేడా తోచింది. కుట్టేటప్పుడు మెషిన్ బరువుగా మూలుగుతుంది, గుడ్డ తిప్పేచోట ఆగుతుంది. ఇప్పుడు ఎక్కడా ఆగకుండా గలగలమంటోంది. ఏం కుడుతోందబ్బా అని తెర జరిపి చూశాను.

సూది కింద గుడ్డ లేదు. సూదిలో దారమూ లేదు. అమ్మ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. కాళ్ళు మాత్రం తొక్కుతున్నాయి.

"ఏం చేస్తున్నావమ్మా?" గుసగుసగా అడిగాను.

"ఏమీ చెయ్యట్లేదే. కాసేపు అదే చేద్దామని."

"సాయంత్రానికి మూట ఇవ్వాలిగా?"

"కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇలాగే కుడితే సూది వేల్లో దిగుతుంది. చిన్న కునుకు తీస్తే చాలు. ఆపానా, అందరూ ఊడిపడతారు."

"లే. నేను తొక్కుతా."

అమ్మ మాస్కుల మూట మీద తల పెట్టిందో లేదో నిద్రపోయింది. నేను తొక్కగానే చక్రం వెనక్కి తిరిగి ఠక్కున ఆగింది.

"ఏమేవ్, టీ!" అవతల నుంచి నాన్న.

గబుక్కున చేత్తో చక్రం తిప్పి మళ్ళీ అందుకున్నాను.

"మెషిన్ వినబడట్లా? నువ్వే పెట్టుకోరా," అంది నానమ్మ.

"చక్కెర ఎక్కడుంటుందమ్మా?"

"నీ పెళ్ళైనప్పటి నుంచీ ఉన్నచోటే!"

వంటగదిలో ఒక్కో డబ్బా మూత తీసి పెడుతున్న చప్పుడు. అమ్మ కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"పై అరలో... నీలం మూత..."

నిద్రలో అందో, మెలకువలో అందో తెలియలేదు. ఆ మాట తెర దాటకూడదని ఇంకాస్త గట్టిగా తొక్కాను.