అంచు దాటి వచ్చే చుక్క

కడిగిన గిన్నెలు బోర్లించి వెనక్కి తిరిగేసరికి, పొయ్యి పక్కన నిలబెట్టిన నా ట్యాబ్‌లో చుక్క మళ్లీ దానంతటదే నడుస్తోంది.

చుక్కంటే ఏంటో చెప్పాలి. కంప్యూటర్‌లో అయితే బాణం ఉంటుంది. ట్యాబ్‌కి ట్రాక్‌ప్యాడ్ తగిలిస్తే బాణం రాదు, బూడిదరంగులో మసగ్గా ఒక గుండ్రటి చుక్క వస్తుంది. ట్రాక్‌ప్యాడ్ మీద వేలు ఎటు జరిపితే అటు వెళ్తుంది. ఏ బటన్ దగ్గరికి వెళ్తే ఆ బటన్ ఆకారంలోకి ఒదిగిపోతుంది. అక్షరాల మధ్యకి వెళ్తే సన్నటి గీతగా మారిపోతుంది. కాసేపు ఎవరూ పట్టించుకోకపోతే చప్పుడు చేయకుండా మాయమైపోతుంది. నాకంటూ ఒక ఆకారం ఉందని ఎప్పుడూ పట్టుబట్టదు. ఇదేదో మరీ మంచి కోడలిలా ఉందని మొదటిరోజే నాకు అనుమానమొచ్చింది.

ఇప్పుడా మంచి కోడలు ఎవరూ తాకకుండానే స్క్రీన్ మీద నిదానంగా షికారు చేస్తోంది. మెయిల్ బొమ్మ దగ్గరికి వెళ్లింది. ఆగింది. నేను చేతులు తుడుచుకుని వచ్చేలోపు మాయమైపోయింది.

"ట్రాక్‌ప్యాడ్ మీద తడి పడుంటుంది. నీ చేతులెప్పుడూ తడే కదా," అన్నాడు మా ఆయన హాల్లోంచి.

నేనింకా ఏమీ అనలేదు. కనీసం 'అయ్యో' అని కూడా అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాళ్ల గురించి విన్నాను గానీ, గుమ్మడికాయ ఊసు కూడా రాకుండా తడుముకున్న మనిషిని అప్పుడే చూశాను.

ఈ ట్రాక్‌ప్యాడ్ ఆయనిచ్చిన కానుకే. మా ఆయన కానుకలు ఇవ్వడని కాదు. మొదటి పెళ్లిరోజుకి మిక్సీ ఇచ్చాడు. రెండో పెళ్లిరోజుకి ఆ మిక్సీకే ఇంకో జారు ఇచ్చాడు. మూడోదానికి మూత వస్తుందని నేను మనసు సిద్ధం చేసుకుని కూర్చుంటే, పెళ్లిరోజు కాని రోజున, అడగకుండా, ట్యాబ్‌కి తగిలించే కీబోర్డూ ట్రాక్‌ప్యాడూ తెచ్చాడు. "నీ పని కోసమే," అన్నాడు. మా ఇంట్లో 'నీ పని' అంటే అప్పటిదాకా అంట్లు. అందుకని ఆ మాట అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది.

నా పని వంటగదులు గీయడం. ఇళ్లకి అల్మరాలూ గట్లూ అమర్చిపెట్టే ఒక కంపెనీ వాళ్లు కొలతలు పంపిస్తారు. సింకు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, డబ్బాలు ఎక్కడ అని నేను గీసి పంపిస్తాను. "ఇద్దరం పక్కపక్కన నిలబడి పని చేసుకునేంత వెడల్పు కావాలి" అని అడగనివాళ్లు ఉండరు. అలాగే గీస్తాను. తీరా అంతా కట్టాక వాళ్లు పంపే ఫోటోల్లో ఒక్క ఆవిడే ఉంటుంది. రెండో మనిషి ఫోటో తీస్తూ ఉండొచ్చు. మనకెందుకు లేనిపోని అనుమానాలు.

ఊరందరికీ విశాలమైన వంటగదులు గీసే నేను, నూనె డబ్బాకీ పొయ్యికీ మధ్య జానెడు జాగాలో ట్యాబ్ పెట్టుకుని గీస్తాను. "పెనం పక్కన పుస్తకం పెట్టినట్టు ఇదేం కంప్యూటరమ్మా," అంటుంది అత్తయ్య. "నీకేం, ఇంట్లో కూర్చుని బొమ్మలేసుకుంటావు," అని కూడా అంటుంది. కూర్చుని వేసిన బొమ్మ ఇంతవరకూ ఒక్కటీ లేదు. పొయ్యి దగ్గర కుర్చీ పట్టదు.

కానుక రావడానికి కాస్త ముందు జరిగింది ఇదీ. మా మేడం, అంటే కంపెనీలో నాకు పని పంపే ఆవిడ, ఫోన్ చేసి, "గీతలు గీసేవాళ్లందరి మీదా ఒక పెద్ద దిక్కు కావాలి. నిన్నే అనుకుంటున్నా. కాకపోతే రోజూ ఆఫీసుకి రావాలి. వివరాలు మెయిల్లో పంపిస్తా, ఒప్పుకుంటున్నానని రాసి పంపు చాలు," అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన సంతోషించాడు. సంతోషిస్తూనే, "మరి పొద్దున్నే నువ్వెళ్లిపోతే వంట?" అన్నాడు. అత్తయ్య తన మోకాళ్ల వైపు చూసుకుంది. ఆయన కూడా వాళ్లమ్మ మోకాళ్ల వైపే చూశాడు. నేనూ చూశాను. మా ఇంట్లో ఎవరూ చూడని మోకాళ్లు ఆయనవే. దృఢంగా ఉంటాయి, ఆదివారం క్రికెట్ ఆడతాయి.

"ఆలోచించుకో. ఇంట్లోంచే హాయిగా చేసుకుంటున్నావు. కావాలంటే మంచి కీబోర్డు కొనిపెడతా," అన్నాడు. కొనిపెట్టాడు. తగిలించబోతే, "ఈ సెట్టింగులవీ నీకెందుకు తలనొప్పి, ఇలా ఇవ్వు," అని లాక్కుని నా ట్యాబ్‌ని తన అకౌంట్‌లో కలిపాడు. "నా లాప్‌టాపూ ఇదీ ఇప్పుడు ఒకే అకౌంట్. మనిద్దరిలా," అన్నాడు. నవ్వాను. మనిద్దరిలా అంటే ఎలాగో అప్పుడే అడగాల్సింది.

మేడం పంపుతానన్న మెయిల్ రాలేదు. ఒకరోజు చూశాను, ఇంకోరోజు చూశాను. అడగడానికి మొహమాటం. ఈ మొహమాటం నాకు ఎక్కడ అబ్బిందో గానీ, నా హక్కు నేను అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం పిలవకుండానే వచ్చి గొంతులో కూర్చుంటుంది. ఆవిడ మనసు మార్చుకుని ఉంటుందనుకున్నాను. అసలు నన్ను అడగడమే పొరపాటు, పక్కన ఎవరినో అడగబోయి నా నంబరు నొక్కి ఉంటుందనుకున్నాను. పొయ్యి దగ్గర నిలబడి బొమ్మలేసేదానికి పది మంది మీద పెత్తనమేమిటి, ఇంట్లో కుక్కర్ కూడా నేను చెప్పినట్టు ఈల వేయదు, అనుకున్నాను. ఇంట్లోవాళ్లు చాలాకాలం అంటూ వచ్చిన మాటల్ని, వాళ్లు అలిసిపోయాక, మనమే మన గొంతుతో అనుకోవడం మొదలుపెడతాం. వాళ్లకి శ్రమ తగ్గిస్తాం. అదీ మన పనుల్లో ఒకటే, దానికీ జీతం లేదు.

ఇవాళ మధ్యాహ్నం మేడమే ఫోన్ చేసింది.

"ఏమ్మా, నీకంత పొగరా? పంపిన మెయిల్‌కి జవాబే లేదు. మళ్లీ పంపితే మళ్లీ లేదు. తెరిచి చదివినట్టు మాత్రం ఇక్కడ చూపిస్తోంది!"

"నాకు రాలేదు మేడం."

"రాకుండా ఎవరు చదివారు, మీ పిల్లి చదివిందా?"

మా ఇంట్లో పిల్లి లేదు.

"ఇప్పుడే మళ్లీ పంపుతున్నా. సాయంత్రంలోగా చెప్పకపోతే పైవాళ్లు వేరే అతనికి ఇచ్చేస్తారు. సింకు పక్కన స్విచ్చిబోర్డు గీసే మహానుభావుడు వాడు. జనం చచ్చిపోతారమ్మా, కాస్త ఆలోచించు," అని పెట్టేసింది.

నేను ఇంటి పోలీసునయ్యాను. ముందు అత్తయ్యని పట్టుకున్నాను.

"అత్తయ్యా, నా ట్యాబ్ ఏమైనా ముట్టుకున్నారా?"

"దాన్నా? నేనా? దాన్ని చూస్తేనే నాకు భయం. మొన్న తుడుద్దామని గుడ్డ వేస్తే ఎవరికో ఫోన్ కలిసింది. ఎవడో మగాడు హలో అన్నాడు. గుడ్డ అక్కడే వదిలేసి వచ్చేశా."

అబద్ధం చెప్పే మొహం కాదు. గుడ్డ కూడా ఇంకా అక్కడే ఉంది.

తర్వాత తడిని అనుమానించాను. ట్రాక్‌ప్యాడ్‌ని పొడిబట్టతో తుడిచి, ఆరబెట్టి, ఊదాను. పురిటి బిడ్డకి కూడా అంత తడి తుడవరు. ఇక నన్ను నేను అనుమానించుకోబోతుంటే ఒక సంగతి తట్టింది. మా ఆయన ఆఫీసుకి వెళ్లిన రోజు ఈ చుక్క బడిపిల్లలా బుద్ధిగా ఉంటుంది. ఆయన ఇంట్లోంచి పని చేసే రోజే దానికి కాళ్లొస్తాయి. ఇవాళ ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

మా వంటగదికీ హాలుకీ మధ్య గోడలో, గిన్నెలు అందించుకోవడానికి కిటికీ అంత ఖాళీ ఉంది. దానికి అటువైపు ఆయన బల్ల, దాని మీద లాప్‌టాప్. ఇటువైపు నా గట్టు, దాని మీద ట్యాబ్. ఆ ఖాళీలోంచి ఆయన స్క్రీన్ నాకూ, నా స్క్రీన్ ఆయనకీ కనిపిస్తాయి. నేను మేడం పంపిన కొత్త మెయిల్ కనబడేలా ట్యాబ్ తెరిచిపెట్టి, "అత్తయ్యా, బట్టలు ఆరేసొస్తా," అని గట్టిగా అరిచి, ఫ్రిజ్ తలుపు తీసి దాని వెనక నిలబడ్డాను. అక్కణ్ణుంచి ట్యాబూ కనిపిస్తుంది, ఆయన కుడిచెయ్యీ కనిపిస్తుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ఫ్రిజ్ తలుపు అందుబాటులో లేదు మరి.

ముందు ట్యాబ్ ఎడమ అంచు చిన్నగా ఉబ్బింది, అవతలనుంచి ఎవరో తలుపు తోస్తున్నట్టు. తర్వాత ఆ ఉబ్బులోంచి చుక్క ఊడిపడింది. ఆయన ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. కుడిచెయ్యి లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద జరుగుతోంది. చెయ్యి జరిగితే చుక్క జరిగింది. చెవి గోక్కోవడానికి ఆగితే చుక్క ఆగింది. తుమ్మితే చుక్క స్క్రీన్ ఈ మూలనుంచి ఆ మూలకి ఎగిరింది. సర్దుకుని మళ్లీ వచ్చి, మేడం మెయిల్‌ని ఓపిగ్గా పైనుంచి కిందిదాకా చదివింది. చివర్లో చెత్తబుట్ట బొమ్మ మీదకి వెళ్లి, అచ్చం చెత్తబుట్ట ఆకారంలోకి ఒదిగింది. మెయిల్ పోయింది. ఆయన టీ గుటకేసి, ఏదో పాట కూనిరాగం తీశాడు.

ఫ్రిజ్ చలికి నా వీపు గడ్డకట్టింది. చలికే అనుకున్నాను కాసేపు.

రెండూ ఒకే అకౌంట్ కాబట్టి, పక్కపక్కనుంటే ఆయన బాణం తన స్క్రీన్ అంచు దాటి నా స్క్రీన్‌లోకి వస్తుంది. మనిద్దరిలా అంటే ఇదన్నమాట. ఆయన గట్టిగా ఒక్క మాట అనలేదు. వద్దు అనలేదు. చెయ్యెత్తలేదు. 'మా ఆయన నాకు ఏనాడూ దేనికీ అడ్డుపడలేదు' అని నేనే పదిమందికి చెప్పుకుని తిరిగేలా, టీ తాగుతూ, రెండు వేళ్లతో, నా జీవితాన్ని చెత్తబుట్టలోకి జరిపాడు. నేనేమో అన్నిరోజులూ నాలో ఏం తక్కువైందా అని వెతుక్కున్నాను. ఎన్నిసార్లు వెతుక్కున్నానో, అందులో ఎన్నిసార్లు నిజంగా తక్కువ దొరికిందనుకున్నానో తలుచుకుంటే, ఆ మెయిళ్లు పోయినందుకంటే దానికే ఎక్కువ మండింది.

చెత్తబుట్టలోంచి మేడం మెయిళ్లన్నీ బయటికి తీశాను. ఒప్పుకుంటున్నానని రాయడం రెండు ముక్కల పని. కానీ రాస్తే ఏమవుతుంది? రాత్రి మళ్లీ భోజనాలు, మళ్లీ మోకాళ్ల పరిశీలన, మళ్లీ "మరి పొద్దున్న వంట?" నేను నాలుగింటికి లేచి ఆ వంట చేసేసి ఆఫీసుకి పరిగెత్తడం. పైగా అందరూ 'మా ఇంటావిడకి ఎంత ఓపికో' అని మెచ్చుకోవడం. ఆ మెచ్చుకోలు నాకొద్దు. దానికి బదులు ఇంకో మిక్సీ జారు ఇచ్చినా తీసుకుంటాను.

హాల్లో ఆయన ఆఫీసు మీటింగు మొదలైంది. చెవుల్లో పెట్టుకునేవి పడవని స్పీకర్లోనే మాట్లాడతాడు. తన క్యాలెండర్ తెరిచి, అందరికీ స్క్రీన్ చూపిస్తూ, వచ్చే నెల ఎవరికి ఏ పనో పంచుతున్నాడు. "మనం పనిని సమానంగా పంచుకుంటేనే టీమ్ అవుతాం," అంటున్నాడు. గొంతు ఎంత బాగుందో. ఎవరైనా నమ్ముతారు.

నేను ట్రాక్‌ప్యాడ్ మీద వేలుపెట్టి చుక్కని ఎడమవైపు తోశాను. అంచు ఉబ్బింది. ఇంకా తోశాను. నా చుక్క అటు దాటింది. ఖాళీలోంచి చూస్తే ఆయన స్క్రీన్ మీద తేలింది. నా దాంట్లో చుక్కగా ఉన్నది, అక్కడికి వెళ్లేసరికి నల్లటి బాణమైంది.

క్యాలెండర్‌లో సోమవారం పొద్దున ఏడు గంటల గడి మీద నొక్కాను. నా కీబోర్డు మీద కొడితే అక్షరాలు ఆయన స్క్రీన్ మీద పడుతున్నాయి. 'ఇంట్లో వంట' అని కొట్టాను.

"ఇదేంటోయ్, వంటా?" అంది స్పీకర్‌లోంచి వాళ్ల పెద్దసారు గొంతు.

"సార్ వంట చేస్తారా! ఎప్పుడూ చెప్పలేదేంటి సార్!" అని ఒకమ్మాయి కిలకిలలాడింది.

ఆయన చెయ్యి టచ్‌ప్యాడ్ మీదకి ఉరికింది. బాణం ఒక క్షణం అటూ ఇటూ గింజుకుంది. ఆయన తలెత్తి ఖాళీలోంచి నా వైపు చూశాడు. నేనూ చూశాను. నా చేతిని ట్రాక్‌ప్యాడ్ మీదనుంచి తీయలేదు, దాచుకోలేదు. ఈ బాణం మా ఆవిడదని చెబితే, మీ ఆవిడ బాణం మీ దాంట్లోకి ఎలా వచ్చిందని అడుగుతారు. ఆ దారి ఎవరు వేశారో చెప్పాలి. ఆయన చెయ్యి మెల్లగా టచ్‌ప్యాడ్ మీదనుంచి లేచింది.

"అంటే... అప్పుడప్పుడూ సార్," అన్నాడు.

'ఎన్నాళ్లకోసారి?' అని క్యాలెండర్ అడిగింది. ప్రతిరోజూ అని పెట్టాను.

"రోజూనా!" అంది ఆ అమ్మాయి. ఈసారి నవ్వలేదు.

'ఎప్పటివరకు?' అని అడిగింది. ముగింపు లేదు అని పెట్టాను.

అత్తయ్య టీవీ గొంతు తగ్గించి ఆయన వైపు చూసింది, ఆయన మోకాళ్ల వైపు కూడా.

"మా ఆవిడ వినకుండా చెప్పవయ్యా బాబూ, నన్ను బతకనివ్వదు," అన్నాడు పెద్దసారు. "బాగుంది, చాలా బాగుంది. సరే, సోమవారం నుంచి నీ ఎనిమిదింటి మీటింగు పదింటికి మారుస్తున్నా. హడావిడి లేకుండా చేసుకో. ఏం?"

"థాంక్యూ సార్," అన్నాడు మా ఆయన.

నేను ట్యాబ్‌ని ఆయన అకౌంట్‌లోంచి తీసేసి, మేడంకి ఫోన్ చేశాను.

"సోమవారం నుంచి వస్తున్నా మేడం."

"హమ్మయ్య, జనం బతికారు. మరి ఇంట్లో ఇబ్బందేం లేదుగా?"

"లేదు మేడం," అన్నాను. "పొద్దున్న వంటకి మనిషి దొరికాడు."