కింది స్థాయి షడ్జం

కోదండరాం రెండు చెవులూ మూసుకున్నాడు. "పోలేదు వరదన్నా. తేనెతుట్టె కాడ నిలబడినట్టే ఉండాది."

వరదయ్య తను కట్టిన మైకు సెట్టు పెట్టె వైపు వంగాడు. రొద పోయిందని పొద్దున కబురు పంపింది తనే. స్పీకరు అట్ట మీద వేలు ఆనించాడు. అదురుతోంది.

"ఎల్లుండి పెరటాసి నెల మొదటి శనివారం భజన. రేపు సాయంత్రానికి ఇది గమ్మునుండకపోతే చింతాద్రిపేట నుంచి బాడుగ మైకు సెట్టు తెప్పిస్తా. కోపం పెట్టుకోవద్దన్నా" అని చెప్పి కోదండరాం వెళ్లిపోయాడు. వ్యాసర్పాడిలో ఆ వీధి భజన గోష్ఠికి పెద్ద అతనే.

బాడుగ సెట్టు వస్తే వరదయ్య భార్య అలివేలుమంగ పాడదు. విషజ్వరం వచ్చి తగ్గాక ఆమె గొంతు సన్నబడింది. నిరుడు ఆ గొంతు బాడుగ సెట్టులో రేకు గీకినట్టు వినిపించింది. ఎవరో నవ్వారు. అప్పటినుంచి ఆమె వెనక వరసలో కూర్చుంటోంది. మైకులో పడిన గొంతును ముందుగా అందుకుని, చెడకుండా పెంచే పెట్టె ఒకటి చేసిస్తానని వరదయ్య మాటిచ్చాకే ఈ ఏడు ముందు కూర్చోవడానికి ఒప్పుకుంది. ఆరు నెలలు మూర్ మార్కెట్టు చుట్టూ తిరిగి, పాత రేడియోల వాల్వులు ఏరి తెచ్చి కట్టాడు.

అన్నీ కుదిరాయి, ఆ రొద తప్ప. రొదను మింగాల్సిన కండెన్సరు పోయిందేమోనని నిన్న మార్చాడు. మళ్లీ అదే మార్చాలేమో! ఇరవై ఎనిమిదేళ్లు రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లకు రివెట్లు కొట్టిన చెవులు అతనివి. సన్నగా సాగే రొద వాటికి అందదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"కాఫీ ఆరిపోతా ఉండాది మామా!" వంటింట్లోంచి అలివేలుమంగ అరిచింది. మూడేళ్లుగా దీని నోరు పెద్దదైపోయింది అనుకుని వరదయ్య చొక్కా తగిలించుకున్నాడు.

"యాడికి?"

"మూర్ మార్కెట్టుకు. కండెన్సరు."

"నిన్నదే కదా తెచ్చింది? ఇప్పుడు కూసేది అది కాదు మామా."

వరదయ్య ఆగాడు. ఆమె హార్మోనియం ముందుకు లాక్కుని ఒక మెట్టు నొక్కింది. "మొన్నటిదాకా నీ పెట్టె ఈ షడ్జం పట్టుకునుండె. నిన్నటినుంచి అదే షడ్జం, ఒక స్థాయి కిందికి దిగిపోయింది. కోదండరాంకు రెండూ రొదే. వాడికి సంగీతం ఏం తెలుసు?"

వరదయ్య చొక్కా విప్పేశాడు. ట్రాన్స్‌ఫార్మరు నుంచి, కరెంటును ఒకే వైపు నడిపే రెక్టిఫయరు వాల్వుకు రెండు తీగలు పోతాయి. రెండూ పనిచేస్తే మిగిలే రొద పై స్థాయి. ఒకటి తెగితే కింది స్థాయి. అంటే పాత రొద పోయింది, కొత్త కండెన్సరు మంచిదే. దాన్ని బిగించేటప్పుడు తన చెయ్యే తగిలి ఒక తీగ ఊడి ఉండాలి.

ప్లగ్గు పీకాడు. లోపల నిలిచిన కరెంటు పోయేదాకా కాచుకుని, పెట్టె తిరగేశాడు. పసుపు తీగ సాల్డరు వదిలి ఊరికే ఆనుకుని ఉంది. దాన్ని అతికించి ప్లగ్గు పెట్టి, వాల్వులు ఎర్రబడ్డాక స్పీకరు మీద వేలు పెట్టాడు. అదురు లేదు. అయినా ఆమె ముఖం చూశాడు.

"గమ్మునుండాది" అంది అలివేలుమంగ.

వరదయ్య స్పీకరు మీది వేలి వంక చూస్తూ అన్నాడు. "నాకు సన్న రొదలు వినపడవే."

"తెలుసు. మూడేండ్లుగా గొంతు చించుకునేది ఎందుకనుకున్నావు?"

"నోరు పెద్దదైంది అనుకున్నా."

అలివేలుమంగ పగలబడి నవ్వింది. మైకు ఆమె పక్కనే ఉంది. ఆ నవ్వంతా వచ్చి వరదయ్య వేలికి తగిలింది.

శనివారం ఆమె ముందు వరసలో కూర్చుని పాడింది. వరదయ్య స్పీకరు పక్కన చేరాడు.

"ఇంకా రొదుండాదా అన్నా, వేలు తియ్యకుండా ఉండావే?" అన్నాడు కోదండరాం.

"లేదు" అన్నాడు వరదయ్య. వేలు మాత్రం తీయలేదు.