మందు కలపక ముందు

నా కోపం సంగతి మా ఊరు మోస్రాలో అందరికీ తెలుసు. ఆ రోజు కోపంలో మాత్రం సగం న్యాయం ఉందని ఇప్పటికీ అంటాను. రెండెకరాల వరిలో సుడిదోమ పడింది. సోమవారం చాపంత మేర ఎండింది. బుధవారానికి కల్లమంత అయింది. ఇంకో రెండు రోజులు ఊరుకుంటే ఆ ఏడు ఇంట్లోకి గింజ రాదు. కూలోళ్లంతా సోయా కోతలకు పోయారు. అందుకే బోధన్ నుంచి డ్రోన్‌తో మందు కొట్టే ఉమైమాను పిలిచాను.

ఆమె ఆటో ట్రాలీ దిగేసరికి నేను డ్రమ్ములో మందు కలిపేసి కర్రతో తిప్పుతున్నాను. పంపు వచ్చేలోపు మందు కలిపి ఉంచడం మా దగ్గర అలవాటు. ఆమె డ్రమ్మును చూసి నెత్తి కొట్టుకుంది.

"అరె కాకా, నేను నోటీసు సూడకముందే కలిపినవా? కలిపిన మందు రేపటికి పనికిరాదు గద!"

"ఏం నోటీసు? నా పొలం, నా మందు!"

"పొలం నీదే. పైనున్న గాలి అందరిది."

ఏ చోట, ఏ వేళ ఎగరకూడదో విమానాలు, హెలికాప్టర్లు, డ్రోన్లు నడిపేవాళ్లకు ప్రభుత్వం చెప్పే నోటీసట అది. నిన్న సాయంత్రం ఏమీ లేదట. పొద్దున ఫోన్‌లో కొత్తది పడింది. పెద్ద కరెంటు లైన్ల తనిఖీకి హెలికాప్టర్ బాగా కిందికి దిగి తిరుగుతుందట. మా పొలం పక్క టవర్లు కూడా ఆ లైనులోవే. ఒంటిగంట దాకా డ్రోన్ లేవకూడదు.

నాకు ఒళ్లు మండింది. "పది నిమిషాల పనికి గింత లొల్లా? గీ పొలాల ఎవడు సూస్తడు?"

"ఎవరూ సూడరనే నా భయం కాకా. హెలికాప్టర్ల ఉన్నోళ్లకు నా డ్రోన్ కనబడదు."

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ పిల్ల మాత్రం "చేతి పంపులు ఎన్నున్నయ్?" అని అడిగింది. రెండున్నాయి. చున్నీ నడుముకు బిగించి, పంపు వీపున వేసుకుని మోకాలి లోతు బురదలోకి దిగింది. వరిని పాయలు తీస్తూ, మొదళ్లు తడిసేలా మందు కొట్టసాగింది. డ్రోన్ నడిపే పిల్లకు ఈ పని ఎవరు నేర్పారో! గొణుక్కుంటూనే నేనూ దిగాను.

ఒంటిగంట అయ్యేసరికి ఇంకా సగం మిగిలింది. ఉత్తరాన మబ్బు కమ్ముతోంది. వాన పడితే మందంతా కొట్టుకుపోతుంది.

"టైమైంది, ఇగ లేపు బిడ్డా."

ఆమె చేతులు కడుక్కుని మళ్లీ ఫోన్ తీసింది.

"మళ్ల ఎందుకే? పొద్దుగాల సూసినవు గద!"

"గప్పటికి గదే. ఇప్పుడు పొద్దుగూకే దాకా పెంచిండ్రు కాకా."

తువ్వాలు గట్టు మీద విసిరికొట్టాను. ఆకాశంలో పిట్ట కూడా లేదు. "నీ తోని కాదు, ఇంకొకన్ని పిలుస్త" అంటూ ఫోన్ తీశాను.

అప్పుడు వినబడింది చప్పుడు. వర్ని ఊరి వైపు నుంచి టవర్ల వెంటే వచ్చింది హెలికాప్టర్. అంత కిందికి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఏ మూల నుంచి డ్రోన్ లేపుతానని ఆమె పొద్దున చూపించిందో, సరిగ్గా ఆ మూల మీదికొచ్చి ఆగింది. ఆ గాలికి వరి పడుకుని లేచింది. నా తువ్వాలు ఎగిరి బురదలో పడింది. లోపల ఇద్దరు మనుషులు. ఒకడు నా కొడుకు వయసువాడు, తీగల వైపే చూస్తున్నాడు.

అది వెళ్లిపోయాక గట్టు మీద కూలబడ్డాను. ఈమె నా మాట వినుంటే ఆ ఇద్దరూ నా మడిలోనే పడేవాళ్లు.

"బిడ్డా..." అన్నాను. చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"లే కాకా, ఇంక సగమున్నది. పంపు నింపు."

సాయంత్రం దాకా మబ్బు ఆగింది. ఇద్దరం చేత్తోనే పూర్తి చేశాం. ఎండిన చోటు ఎండింది, మిగతా పంట నిలిచింది. ఎంత గుండె ధైర్యం ఆ పిల్లది! నన్ను కాదనడానికి మా సర్పంచే జంకుతాడు.

మొన్న యాసంగిలో రెండో పంట వరికి మళ్లీ ఆమెనే పిలిచాను. నా భార్య గంగమణి నీళ్లు తెచ్చి డ్రమ్ములో పోసింది. "గింతసేపైంది, ఇంక మందు కలపలేదేంది?" అంటూ సీసా మూత తిప్పబోయింది.

"ఆగు!" అని అరిచాను. "పిల్ల నోటీసు సూస్తున్నది."

సీసా లాక్కుని మూత గట్టిగా బిగించాను.