మాస్కు తీయమన్న మనిషి

"అది తీయించండి. లేదా ఆవిణ్ణి ఇక్కడే దించేసి వెళ్లండి."

విమానం తలుపు దగ్గర నిలబడి క్రెయిగ్ ట్విచెల్ ఈ మాట అన్నప్పుడు ప్రయాణికులు బారు తీరి లోపలికి వస్తున్నారు. డెట్రాయిట్‌లో విమానాల కంపెనీ క్యాబిన్ సిబ్బంది అందరి మీదా మేనేజరు అతను. గొంతు పెంచే అలవాటు లేదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. అతని చూపు నడవా చివర నిలబడ్డ రోవేనా బాల్తజార్ మొహం మీద ఉంది. ఆ మొహానికి నీలం మాస్కు ఉంది.

ఆ మాట అన్నది వెర్నా గ్యాస్కిన్స్‌తో. ఆ విమానంలో పనిచేసే ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఆవిడే పెద్ద. సగం వయసు ఆకాశంలోనే గడిపిన మనిషి. గాలి కుదుపులకి రెక్కలు అల్లాడుతుంటే నవ్వుతూ కాఫీ పోసింది, మేఘాల మీద ఒక పిల్లకి పురుడు పోసింది. ట్విచెల్ కన్నా వయసులో పెద్దది, పనిలో పెద్దది. కంపెనీ మాట మాత్రం ఎన్నడూ జవదాటలేదు.

మార్చి మొదటి రోజులవి. అమెరికా పడమటి తీరంలో కరోనాతో మనుషులు పోతున్నారని టీవీల్లో చెప్తున్నారు. విమానాలు మాత్రం నిండుగానే ఎగురుతున్నాయి. మాస్కు యూనిఫాంలో భాగం కాదనీ, సిబ్బంది మొహాలు కప్పుకుంటే ప్రయాణికులు బెదిరిపోతారనీ కంపెనీ ఆజ్ఞ జారీ చేసింది. బెదిరితే టికెట్లు కొనరన్న మాట రాయలేదు. రాయకపోయినా అందరికీ అర్థమైంది.

వెర్నా వెనక్కి నడిచింది. రోవేనా టీ గిన్నెలు సర్దుతోంది. వాళ్లక్క లుజ్ ఆసుపత్రిలో నర్సు. ఆ మాస్కు ఆవిడిచ్చిందే. ఇంట్లో ముసలి తల్లి ఉంది, ఆవిడ ఊపిరితిత్తులు అంతంతమాత్రం. ఇవన్నీ వెర్నాకి తెలుసు. రోవేనా డబ్బాలో తెచ్చే లుంపియాలు, వాళ్ల ఫిలిప్పీన్స్ వేపుడు చుట్టలు, ఆ తల్లి చేసినవే, ఎన్నోసార్లు తిన్నది.

"ఇవాళ్టికి తీసెయ్యమ్మా. ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. నీ ఒక్కదాని కోసం విమానం ఆగుతుందా?" అంది.

రోవేనా మాస్కు తీసి, మడిచి, జేబులో పెట్టుకుంది.

"నువ్వు చెప్పావు కాబట్టి తీస్తున్నా అక్కా. వాడు చెప్తే తీసేదాన్ని కాదు."

ఆ పూట వెనక వరసలో ఒకాయన దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. రోవేనా నీళ్లిచ్చింది, దుప్పటి కప్పింది, వాంతి వస్తే సంచీ పట్టుకుంది, మొహం మీదికి వంగి ఎలా ఉందని అడిగింది. ముందు భాగంలో నిలబడి వెర్నా ఇదంతా చూసింది. నువ్వు ముందుకెళ్లు, ఆయన్ని నేను చూస్తానని అనవచ్చు. అనలేదు. వెనక భాగం రోవేనాది, ముందు భాగం తనది అనుకుంది. పని పంపకం అలాగే ఉంది మరి.

కొన్నాళ్లకి ట్విచెల్ వెర్నాని తన గదికి పిలిచాడు. తలుపు వేశాడు. ఆ దగ్గిన మనిషికి కరోనా అని తేలిందనీ, ఊపిరి అందక ఆసుపత్రిలో ఉన్నాడనీ చెప్పాడు. నా పిల్లలకి చెప్పారా అని వెర్నా అడిగింది. తన కింద పనిచేసేవాళ్లని ఆవిడ ఎప్పుడూ నా పిల్లలనే అంటుంది.

"చెప్తాం. పైనుంచి మాట రానివ్వండి. ఇప్పుడే మీరు నోరు జారితే రేపు సగంమంది సెలవు పెడతారు. మీరు సీనియర్, మీకు నేను చెప్పాలా?" అన్నాడు ట్విచెల్.

సీనియర్ అన్న మాట వెర్నాకి తియ్యగా తగిలింది. అది ఆవిడకి తర్వాత గుర్తొచ్చి ఒళ్లు జలదరించేది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, మనవణ్ణి కొన్నాళ్లు తీసుకురావద్దని కూతురికి ఫోన్ చేసింది. వేసుకున్న బట్టలు విడిగా ఉతికింది. గిన్నెలు వేడినీళ్లతో కడిగింది. తనవాళ్ల కోసం చెయ్యాల్సినవన్నీ చేసింది. రోవేనాకి మాత్రం ఫోన్ చెయ్యలేదు. ఫోను చేతిలోకి తీసుకుని, పేరు దాకా వచ్చి, పక్కన పెట్టేసింది. రేపు కంపెనీయే చెప్తుందిగా అనుకుంది.

కంపెనీ చెప్పలేదు. రోవేనా ఆ వారమంతా ఎగిరింది. ఆదివారం తల్లి పక్కన కూచుని అన్నం తింది. ఆ తర్వాత జ్వరం, ఆ తర్వాత ఆయాసం. నెల తిరక్కుండా ఆసుపత్రిలో పోయింది. తల్లికీ తగులుకుంది గాని ముసలావిడ గట్టెక్కింది. కూతురు లేదన్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేకపోయారు.

సిబ్బంది విశ్రాంతి గదిలో కంపెనీ రోవేనా ఫొటో పెట్టింది. మన కుటుంబంలో ఒక దీపం ఆరిపోయిందని కింద రాయించింది. నోటిమాటగా మాత్రం ఇంకొకటి వదిలింది: వాళ్లక్క నర్సు కదా, జబ్బు అక్కణ్ణించే ఇంట్లోకి వచ్చుంటుందని. ఆ మాట ట్విచెల్ నోట పుట్టి, టీ కప్పుల మీదుగా పాకి, అందరి చెవులా పడింది. పాపం అంటూ జనం నమ్మారు. నమ్మితే అందరికీ సుఖం. అబద్ధమని తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే ఉంది. ఆవిడ కాఫీ తాగి కప్పు కడిగి బయటికొచ్చింది.

ఆ రోజు వెర్నా ఇంటికి పోలేదు. కారు తిన్నగా ఊరి శివార్లలో, స్టెర్లింగ్ హైట్స్‌లో లుజ్ ఇంటి ముందు ఆపింది. లుజ్ వసారాలోకొచ్చి అక్కడే ఆగింది. వెర్నా కింద మంచులో నిలబడి, మాస్కు తీయించింది తనేనని చెప్పింది. ఆ మనిషికి కరోనా అని తెలిసీ ఫోన్ చెయ్యలేదని కూడా చెప్పింది. దాచుకోలేదు.

లుజ్ కళ్ల కింద డ్యూటీ మాస్కు ఒరుసుకున్న పుళ్లున్నాయి.

"నాకెందుకు చెప్తున్నావు? నేను పోనీలే అంటే నీకు నిద్ర పడుతుందనా? ఆ మాట నేను అనను. నా చెల్లెలు పోయింది, దానికి నువ్వు చెప్పగలిగిందేమీ లేదు. నీ కింద పనిచేసేవాళ్లు రేపు పొద్దున మళ్లీ విమానం ఎక్కుతారు. వాళ్లకి చెప్పావా?"

లుజ్ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

సిబ్బంది యూనియన్ మీటింగు మర్నాడు మధ్యాహ్నం, ఉద్యోగులు కార్లు పెట్టుకునే చోట జరిగింది. గదిలో గుమిగూడటానికి అందరికీ భయం. చలికి ఊపిర్లు పొగలు కక్కుతుంటే ఎడంగా నిలబడ్డారు. యూనియన్ నాయకుడు వాషింగ్టన్‌లో ప్రభుత్వానికి ఫిర్యాదు పంపామనీ, చట్టం ప్రకారం మనం ఉన్నట్టుండి పని ఆపకూడదనీ, ఓపిక పట్టాలనీ చెప్పుకొస్తున్నాడు. వాళ్లతో క్యాబిన్‌లో పనిచేసే ఎమ్మెట్ కోవాల్స్కి వినే స్థితిలో లేడు. వాళ్ల నాన్నా తాతా కార్ల ఫ్యాక్టరీలో సమ్మెలు చేసినవాళ్లు, ఆ రక్తం వాడిది.

"ఓపిక పట్టి పట్టి రోవేనా పోయింది. ఇంకెవరి వంతు వచ్చేదాకా పట్టమంటావు?" అన్నాడు.

అప్పుడు వెర్నా ముందుకొచ్చింది. లుజ్‌కి చెప్పిందే చెప్పింది. ఒక్క ముక్క తగ్గించలేదు. తన మనవణ్ణి దూరంగా పెట్టిన సంగతి కూడా కలిపింది.

జానెల్ అనే అమ్మాయి పక్కనున్న కారుకి జారగిలబడింది. ఆ రోజు ఆ విమానంలో తనూ ఉంది.

"నాకు చంటిదుంది. దానికి పాలిస్తున్నాను," అంది. "నీకు తెలుసుగా, దాని బారసాలకి వచ్చావుగా. నీ మనవడు గుర్తొచ్చాడు గాని నా పిల్ల గుర్తు రాలేదా?"

జనం ఒక్కసారిగా వెర్నా మీదికి లేచారు. కంపెనీ మనిషివన్నారు, వేగువన్నారు. రోవేనాని నువ్వే పొట్టన పెట్టుకున్నావన్నారు. వెర్నాతో పాటు పనిలో చేరిన ముసలాయన ఒకడు అడ్డం పడి, మనలో ఎవరం తీయించకుండా ఉండేవాళ్లమో గుండె మీద చెయ్యేసుకుని చెప్పమన్నాడు. ఆ మాటకి కొందరు తల దించుకున్నారు. ఎవరో తోటివాళ్ల దగ్గు విని కూడా ఊరుకున్న సంగతి, జ్వరంతో పనికొచ్చి మాత్ర మింగి దాచిన సంగతి ఎవరికి వాళ్లకి గుర్తొచ్చింది.

"తిట్టుకోవడానికి చాలా టైముంది, ముందు నా మాట వినండి," అన్నాడు ఎమ్మెట్. "ట్విచెల్ రోవేనా మొహం మీద చెయ్యి వేశాడా? లేదు. ఈవిడ చేత తీయించాడు. నాకు జబ్బు తగిలితే మాట్లాడకని నీకు చెప్తాడు, నీకు తగిలితే మాట్లాడకని నాకు చెప్తాడు. వాడికి సొంత చేతులు లేవు. మనమే వాడి చేతులం. చేతులు రాకపోతే వాడేం చేస్తాడో చూద్దాం."

సరిపడా సిబ్బంది ఎక్కకుండా ప్రయాణికులతో విమానం కదలకూడదని చట్టమే చెప్తోంది. మనం దిగిపోతే అది ఉత్త ఇనుము అన్నాడు.

విమానాలు కడిగే కాంట్రాక్టు మనుషులు అవతల బస్సు కోసం నిలబడి ఇదంతా వింటున్నారు. వాళ్లలోంచి జమీలా అనే ఆవిడ వచ్చింది, తలకి ముసుగు, చేతులు మందునీళ్లకి పగిలి ఉన్నాయి. ఆ దగ్గిన మనిషి సీటు తుడిచింది తామేననీ, చేతులకి తొడుగులు అడిగితే కాంట్రాక్టరు నవ్వాడనీ చెప్పింది.

"మీకు చెప్పకుండా దాచారని ఏడుస్తున్నారు. మా దగ్గర దాచాలని కూడా ఎవరికీ తోచదు. మేం ఉన్నామన్నదే ఎవరికీ గుర్తుండదు. మీకు మాత్రం ఎన్నడైనా గుర్తొచ్చామా?"

వెర్నా ఒక్కతే కాదు, ఆ పూట అక్కడ నిలబడ్డవాళ్లందరూ తప్పు చేసినవాళ్లలాగే నిలబడ్డారు. చివరికి ఎమ్మెట్ ఎడంగా జరిగి జమీలాకి చోటిచ్చాడు. ఆ తర్వాత మాటలు వేగంగా సాగాయి. అందరికీ మాస్కులు, తొడుగులు. విమానంలో ఎవరికి జబ్బని తేలినా అదే రోజు అందరికీ తెలియాలి, కడిగేవాళ్లతో సహా. జబ్బు పడ్డవాళ్ల కూలి కొయ్యకూడదు. అంతవరకూ ఎక్కేది లేదు. యూనియన్ నాయకుడు తనకేమీ తెలియదని చెప్పి కారెక్కాడు. అడ్డం మాత్రం పడలేదు.

మర్నాడు పొద్దున చికాగో విమానం గేటు దగ్గర సిబ్బంది మాస్కులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. కొందరివి ఇంట్లో పాత చొక్కాలు చించి కుట్టుకున్నవి. పక్కనే జమీలా వాళ్లు ఖాళీ బాల్చీలతో నిలబడ్డారు. ట్విచెల్ వచ్చాడు. వరసంతా చూసి, తిన్నగా వెర్నా దగ్గరికి నడిచి, ఎప్పటిలా మెల్లగా మాట్లాడాడు. మాస్కులు ఉంచుకోండి, నేను చూడనట్టుంటాను, ముందు విమానాన్ని కదలనివ్వండి అన్నాడు. మిగతావి సీనియర్లు మనం కూర్చుని మాట్లాడుకుందామన్నాడు.

"నిన్న ఈ విమానంలో జబ్బు మనిషి ఎవరైనా వచ్చాడా? వస్తే వీళ్లకి చెప్పారా?" అని వెర్నా అడిగింది.

"అది మీ పని కాదు."

వెర్నా గేటు బల్ల దగ్గరికెళ్లి మైకు అందుకుంది. ఆ గొంతు ప్రయాణికులకి అలవాటైన గొంతు. బెల్టులు పెట్టుకోమనే గొంతు.

"నా పేరు వెర్నా గ్యాస్కిన్స్. మాతో పనిచేసిన రోవేనా బాల్తజార్ పోయిన నెల చనిపోయింది. జబ్బు మనిషికి సేవ చేస్తున్నప్పుడు దాని మొహాన మాస్కు లేదు. కంపెనీ తీయమంది, నేను తీయించాను. ఆయనకి జబ్బని తేలాక దాచమన్నారు, నేను దాచాను. ఇవాళ్టి నుంచి మేం దాచం. మాకు చెప్పనిది మీకూ చెప్పరు. అందుకే మేం ఎక్కడం లేదు."

ఉద్యోగం నచ్చకపోతే మానుకోండని ఒకడు అరిచాడు. వాళ్లమ్మ ఆఖరి చూపుకి పోవాలని ఒకమ్మాయి ఏడ్చింది. ఆ ఏడుపు వెర్నా గుండెల్లో గుచ్చుకుంది, అయినా మైకు కింద పెట్టలేదు. పనిచేసి కాయలు కాసిన చేతులున్న ముసలావిడ ఒకతె టికెట్టు మడిచి సంచీలో పెట్టుకుని, ఎక్కనని చెప్పి కూర్చుంది.

పోలీసులొచ్చారు. ట్విచెల్ వెర్నా మెడలోంచి గుర్తింపు కార్డు తీసుకున్నాడు. ఎమ్మెట్‌దీ, మరి కొందరిదీ తీసుకున్నాడు. పోలీసులు వెర్నాని గేట్ల మధ్యనుంచి నడిపించుకుపోతుంటే పక్క గేటులో సిబ్బంది పెట్టెలు లాక్కుంటూ విమానం దిగి వచ్చారు. ఆ పక్క గేటులోనూ దిగారు. వాళ్లు చప్పట్లు కొడుతుంటే వెర్నా తలెత్తి చూడలేకపోయింది. ఇదే పని ఆ రోజు చేసుంటే దిగేవాళ్లలో రోవేనా కూడా ఉండేది.

మధ్యాహ్నానికి వదిలిపెట్టారు. బయట బస్సు ఆగే చోట అందరూ ఉన్నారు. మాస్కులకి, తొడుగులకి కంపెనీ ఒప్పుకుందట. జబ్బు సంగతి చెప్పడానికీ, జబ్బు పడ్డవాళ్ల కూలి ఇవ్వడానికీ ఒప్పుకోలేదట. వెర్నానీ ఎమ్మెట్‌నీ మరి కొందరినీ పనిలోంచి తీసేసిందట. జమీలా వాళ్లని రేపట్నుంచి రావద్దని కాంట్రాక్టరు కబురు పెట్టాడట. వీళ్లందరినీ తిరిగి తీసుకునేదాకా ఒక్కరూ ఎక్కరాదని అక్కడే తీర్మానమైంది.

"రేపు ఎలా నిలబడదాం అక్కా? పెద్దదానివి, నువ్వు చెప్పు," అంది జమీలా.

వెర్నా తల అడ్డంగా ఊపింది.

"నేను చెప్పిన రోజులు చాలు. మీరు చెప్పండి. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను."

కార్ల దగ్గర ఆ మాటలన్నాక జానెల్ ఆవిడతో మాట్లాడలేదు. ఇప్పుడు కూడా మొహం చూడకుండానే అంది.

"నా ముందు నిలబడు. పోలీసులొస్తే ముందు నిన్ను దాటి రావాలి."

"సరే," అంది వెర్నా.

మర్నాడు తెల్లవారేసరికి విమానాశ్రయం బయట మంచులో వరస కట్టారు. వెర్నా మొదట ఉంది, వెనక జానెల్. ఆ వెనక వరస మలుపు తిరిగి బస్సుల దాకా పోయింది.