ఉలి ఆగిన చోటు

పీహెచ్‌డీ విద్యార్థుల్ని ఒడ్డున పడేయడంలో పార్థసారథికి మంచి పేరుంది. సింగపూర్‌లో ఓ విశ్వవిద్యాలయంలో చిత్రకళ బోధిస్తూ ఎంతోమంది చేత థీసిస్‌లు పూర్తి చేయించాడు. సుమలత దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన పాచిక పారలేదు.

కరీంనగర్ నుంచి వచ్చిన సుమలత చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీస్తుంది. అన్నీ చేపల మార్కెట్ బొమ్మలే. చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేరు. కానీ డాక్టరేట్‌కి బొమ్మలొక్కటే చాలవు, వాటి వెనకున్న ఆలోచనని రాసి చూపించాలి. ఆమె రాసేదేమో అరువు తెచ్చుకున్న పెద్ద పెద్ద మాటలతో, ముక్కూ మొహం తెలియనివాళ్లెవరో రాసినట్టుండేది. సమీక్ష సంఘం ముందు కూర్చోవాల్సిన రోజు దగ్గరపడుతోంది.

ఓ శనివారం పొద్దున ఆమెను బెడోక్‌లో తన ఫ్లాట్ దగ్గరున్న హాకర్ సెంటర్‌కి, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒక్కచోటుండే ఆవరణకి, రమ్మన్నాడు. అక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల 'చోప్' చేసి, అంటే తమకోసం ఆపి ఉంచి, రెండు కాఫీలు తెచ్చాడు. ఆమె తెచ్చిన ఓ చేప అచ్చుని బల్ల మీద పరిచి, ఇంగ్లీషు పక్కనపెట్టి, ఈ అచ్చు ఎలా పుట్టిందో ఊళ్లోవాళ్లకి చెబుతున్నట్టు చెప్పమన్నాడు.

 సుమలత అచ్చులోని చేప కన్ను మీద వేలు పెట్టింది.

"ఈడికొచ్చినంక ఉలి ఆపేస్త సార్. చెక్కితే ఆ జాగకు సిరా అంటక తెల్లగ పడ్తది. తెల్లకన్నంటే పాసిపోయిన చేప. మా అమ్మ అసొంటిదాన్ని ముట్టది. అందుకే కన్ను జోలికి పోను."

పార్థసారథి కప్పు కింద పెట్టేశాడు. "ఇదే రాయమ్మా."

"ఇదా? ఇది వంటింటి ముచ్చట సార్."

"వంటింటిదైతే ఏం? ఉలి ఎక్కడ ఆపాలో నీకెలా తెలిసిందనేగా వాళ్లడిగేది."

సుమలత ఒప్పుకుంది గానీ ఓ మెలిక పెట్టింది. సార్ బొమ్మ వేసి ఏళ్లయిందని శాఖలో అందరికీ తెలుసు. తను రాస్తున్నంతసేపూ ఆయన ఎదురుగా కూర్చుని బొమ్మ వేయాలంది. తీరిక లేదనీ, చెయ్యి మొద్దుబారిందనీ ఆయన ఏవేవో చెప్పాడు. ఆమె వినలేదు.

అలా శనివారాలు గడిచాయి. మొదట్లో ఆయన వేసిన కుర్చీలు కుర్చీల్లా లేవు. తన థీసిస్ పేజీల మీద ఆయన రాసే మాటల్నే సుమలత ఎర్ర పెన్నుతో ఆ బొమ్మల పక్కన రాసేది: ఆలోచన బాగుంది, స్పష్టత లేదు. ఆయన ఉడుక్కుంటూ ఇంటికెళ్లి మళ్లీ వేసేవాడు. ఈలోగా ఆమె అధ్యాయం ఒక కొలిక్కొచ్చింది.

సమీక్ష రోజున ఆమె చేప కన్ను గురించి చదువుతుంటే, సంఘం అధ్యక్షురాలు లేచి అచ్చు దగ్గరికెళ్లి నిలబడింది. వాళ్ల అమ్మమ్మ కూడా బజారులో చేప కన్ను చూడందే బేరమాడేది కాదట. ప్రశ్నలడగాల్సినవాళ్లు కాసేపు చేపల కబుర్లలో పడ్డారు. చివరికి ఇదే దారిలో కొనసాగమని సంతకాలు పెట్టారు.

బయటికి రాగానే సుమలత ఇంటికి ఫోన్ చేసి, కిటికీకి ఆనుకుని నవ్వుతూ కబుర్లలో పడింది. పార్థసారథి ఎదుటి బెంచీ మీద కూర్చుని, పెన్సిల్ తీసి ఆమె బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. ఆమె ఫోన్ పెట్టేయబోతుంటే తల ఎత్తకుండానే అన్నాడు.

"ఇంకో రెండు నిమిషాలు మాట్లాడు తల్లీ. చెయ్యి ఇంకా పూర్తికాలేదు."