పెళ్లింటి ముందు గుమ్మం

పళ్ల మధ్య ఇసుక.

తెల్లవారకముందే దక్షిణపు గాలి లేచింది — ఎర్రగా, పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు.

"కుస్కుస్ రవ్వ కుండ మీద మూత ఎవరు తీశారు?" మా అత్త సాదియా.

"మీరే అత్తా, ఉప్పు చూస్తానని."

"ఉప్పు చూస్తే ఇసుక పడుతుందా? మూత పెట్టడం ఏ కాలేజీలోనూ చెప్పరు కాబోలు."

బడి గోడ మీద నా భర్త బర్కా ఫొటో ఉంది. ఊరి కౌన్సిల్‌కి నిలబడ్డాడు — మా నల్లవాళ్ల వాడలోంచి మొదటి మనిషి.

నిన్న ఆ ఫొటోకి ఎవరో కళ్లు పొడిచేశారు.

కళ్ల సంగతి ఎత్తలేక, మూత సంగతి ఎత్తుకున్నాం.

గాలి ఆగలేదు.

మధ్యాహ్నం మోటార్‌సైకిల్ చప్పుడు. పెద్దింటి చిన్నకొడుకు నిజార్. బండి దిగలేదు.

"ఏరా బర్కా, శుక్రవారం మా అన్న పెళ్లి. డోలు తీసుకుని రా. మీ ఆడవాళ్లని తెల్లవారకముందే వంటకి పంపు. వెనక గుమ్మం తీసే ఉంటుంది."

బర్కా అతనికన్నా చాలా పెద్ద. "సరే దొరా" అనలేదు. కాదనీ అనలేదు.

"కౌన్సిల్‌కి పోతావటగా! మంచిదే. అక్కడా ఎవడో ఒకడు డోలు కొట్టాలి." నవ్వాడు. వెళ్తూ మా మిరప చేను వైపు చూశాడు. "కాయ బాగా పట్టిందిరా. ఈ గాలికి ఓ రెండు తడులు తప్పాయంటే..."

బావి మోటారు తాళం వాళ్లింట్లోనే ఉంటుంది.

వాళ్ల తాతలు మా తాతలను కొన్నారు. తర్వాత వదిలేశారు. డోలునూ, వంటనూ మాత్రం వదల్లేదు.

రాజధాని ట్యునిస్‌లో చట్టాలు చేస్తారు... ఇక్కడ మా శ్మశానం కూడా వేరే.

గాలి. మళ్లీ గాలి.

మిరపాకులు భయపడ్డ మేక చెవుల్లా ముడుచుకున్నాయి.

చేను ఎండితే — ఏడాదంతా ఏం తింటాం?

డోలు మోస్తే — ఓటు ఎవరు వేస్తారు?

పొద్దుగూకాక ఒకే పళ్లెం చుట్టూ కూర్చున్నాం.

"ఈ ఒక్కసారికి వెళ్లొస్తాను," అన్నాడు బర్కా, పళ్లెంలోకి చూస్తూ. "చేను..."

అత్త చెంచా కింద పెట్టింది. బతుకంతా ఆ వెనక గుమ్మంలో పొగ మింగిన మనిషి. తల వంచుకోమని కొడుక్కి నేర్పిన మనిషి.

"వెళ్దాం," అంది. "పిలిచారుగా. డోలు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. కోడలా, పెట్టెలోంచి నా పట్టుబట్ట తియ్యి. నువ్వూ చేతులకి గోరింటాకు పెట్టుకో. ముందు గుమ్మంలోంచి వెళ్లి పెద్ద చాప మీద కూర్చుందాం. మనల్ని ఎవరు లేపుతారో ఊరంతా చూస్తుంది."

"మరి నీళ్లు, అమ్మా?"

తలుపు గడియ గాలికి కొట్టుకుంది.

"ఎన్నింటికి బయల్దేరాలి అత్తా?" పెట్టె మూత ఎత్తుతూ అడిగాను.

"తెల్లవారకముందు వెళ్లేది వంటవాళ్లు," అంది. "మనం చుట్టాలం. ఆలస్యంగా వెళ్దాం."